ఖుష్‌మహల్‌లో మేమెక్కడ?

ఓరుగల్లు కోట చూడవచ్చినవాళ్లు ముందుగా తోరణాల దగ్గర ఆగుతారు. ఆగాల్సిందే. నాలుగు దిక్కుల నాలుగు రాతి తోరణాలు, మధ్యలో నేలబడ్డ స్వయంభూ శివాలయం తాలూకు స్తంభాలు, దూలాలు, విగ్రహాలు. ఫోటోలు దిగుతారు. ఏకశిల గుట్ట ఎక్కుతారు. పొద్దు మిగిలి, పిల్లలు అలిసిపోకుండా ఉంటే తోరణాలకు పడమటి పక్కన కొంచెం దూరంలో ఉన్న ఖుష్‌మహల్‌కు నడుస్తారు. కోటలో దొరికిన శిల్పాలు కొన్నింటిని తెచ్చి పెట్టింది ఇందులోనే. హైదరాబాదు స్టేట్ మ్యూజియంలో లాగా అద్దాల బీరువాలూ గదుల వరసలూ లేవు. ఒకటే పెద్ద హాలు. అయినా ఈ ప్రాంతపు చరిత్రను ఒక్కచోట, రాయికి చెయ్యి అందేంత దగ్గరగా చూడాలంటే నా లెక్కలో ఇంతకు మించిన మ్యూజియం తెలంగాణలో లేదు.

వచ్చే చిక్కేమిటంటే, ఇక్కడికొచ్చినవాళ్లు లోపల పెట్టినవి చూస్తారు. వాటిని కడుపులో పెట్టుకుని కాపాడుతున్న కట్టడాన్ని చూడరు. గోడ గోడే కదా అనుకుంటారు.

ఆ గోడను కాసేపు చూద్దాం. కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలినట్టుంటుంది. సుమారు 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. లోపల హాలుకు అడ్డంగా ఒకదాని వెనక ఒకటి పెద్ద పెద్ద కమాన్లు. మెట్లెక్కి పైకి పోతే కోట అంతా కళ్ల ముందు పరుచుకుంటుంది. కమాను కింద నందులు, ద్వారపాలకులు, దేవతలు, తీగలు చెక్కిన స్తంభాల ముక్కలు. కాకతీయుల రాయి కింద, తురకల కమాను పైన. ఇట్లాంటి ఏర్పాటు ఎవరూ కావాలని చేసింది కాదు. శిల్పాలు పెట్టడానికి నీడ కావాలి, నీడ ఇచ్చే కట్టడం ఇది దొరికింది. కానీ చరిత్ర మీద పుస్తకాలు రాసేవాళ్లకు చాతకాని పని ఈ ఏర్పాటు చేసి పెట్టింది.

నేను ఇక్కడికి ఒంటరిగా వచ్చినదానికంటే ఎవరినో వెంటబెట్టుకుని వచ్చిందే ఎక్కువ. పై ఊళ్ల దోస్తులు, సభలకొచ్చిన రచయితలు. అందరూ మంచివాళ్లే. ముక్కు విరిగిన విగ్రహం ముందర నిలబడ్డప్పుడు మాత్రం వాళ్లలో ఎవరో ఒకరు మాట ఆపేస్తారు. నా వైపు ఓసారి చూసి చూపు తిప్పుకుంటారు. ఏమీ అనరు. అనకపోవడమే మర్యాద అనుకుంటారు. ఆ మర్యాదలో నేరం ఎవరిదో ముందే తేలిపోయి ఉంటుంది. పోనీలే, నువ్వు మంచివాడివిలే అని నన్ను క్షమించిన చూపు అది. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరకడం ఎంత బరువో దొరికినవాడికే తెలుస్తుంది.

ఆ చూపు నాకు కొత్త కాదు. బడిలో తుగ్లక్ పాఠం వచ్చినరోజు క్లాసు క్లాసంతా వెనక బెంచీలో కూచున్న నన్నూ ఇంకో ఇద్దరినీ తిరిగి చూసింది. సారు నవ్వి, ‘మీవాళ్ల కథేరా, వినండి’ అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. రాజధానిని దౌలతాబాదుకు మార్చిన పిచ్చి సుల్తాను ఆ రోజు నుంచి మాకు బంధువయ్యాడు. ఇంటికొచ్చి దాదీని అడిగితే, ఆ పేరుగల మనిషి మన ఖాందాన్‌లో ఎవరూ లేరు బేటా అంది. దాదీకి చదువు రాదు. చరిత్ర సారు కంటే ఆమే నిజం చెప్పింది.

ఇది తప్పించుకోవడానికి రాస్తున్నది కాదు. జరిగింది జరిగినట్టే చెప్పుకుందాం. 1309-10లో మాలిక్ కాఫూర్ ఈ కోటను ముట్టడించాడు. ప్రతాపరుద్రుడు లొంగి కప్పం ఒప్పుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, కోటను పట్టుకున్నాడు. రాజును బందీగా ఢిల్లీకి పంపితే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. తురుష్కుల పాలనలో జనం పడ్డ బాధలు కూడా ఆ శాసనంలో ఉన్నాయి. చదివితే మనసు కలుక్కుమంటుంది. స్వయంభూ ఆలయాన్ని కూల్చింది తుగ్లక్ సైన్యమే. ఆ స్థలంలో మసీదు కట్టడం మొదలుపెట్టారనీ, నాలుగు తోరణాలను మాత్రం కదపకుండా వదిలేశారనీ చరిత్రకారులు ఈటన్, వాగనర్ 2014లో వచ్చిన తమ పుస్తకంలో వివరంగా రాశారు. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి ఆ పేరుతో నాణేలు కొట్టించారు.

ఉలుగ్ ఖాన్ తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. పుచ్చుకునేంత చుట్టరికం మా మధ్య లేదు. తెలంగాణ ముస్లింలలో ఎక్కువమంది ఈ నేల మీది కులాల్లోంచి కలిసినవాళ్లే. దూది ఏకినవాళ్లు, నేసినవాళ్లు, గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్లు, గాజులు అమ్మినవాళ్లు, కూలికి పోయినవాళ్లు. ఓరుగల్లు ముట్టడి జరిగిన నెలల్లో మా తాతముత్తాతలు ఎక్కడున్నారని అడిగితే, బయట గుడారాల్లో కాదు, మట్టికోట లోపల గింజలు లెక్కపెట్టుకుంటూ ఉన్నారని చెప్పడానికే కారణాలు ఎక్కువ. విరిగిన విగ్రహం ముందర నన్ను చూసిన దోస్తుకూ నాకూ ఆ రోజు ఆకలి ఒక్కటే అయివుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఓరుగల్లు పడిన మూడేళ్లకు, 1326లో, బీదరు దగ్గరి కల్యాణిలో మధుకేశ్వరాలయం పాడైతే తిరిగి ప్రతిష్ఠ చేసుకోవడానికి తుగ్లక్ అధికారి ఖ్వాజా అహ్మద్ అనుమతి ఇచ్చినట్టు సంస్కృత శాసనం ఉంది. అదే సుల్తాను తరఫువాళ్లే. ఓరుగల్లులో గుడి కూల్చినవాళ్లే కల్యాణిలో గుడి నిలబెట్టనిచ్చారు. మతం ఒక్కటే కారణమైతే రెండు ఊళ్లలోనూ ఒకే పని జరగాలి కదా! ఓరుగల్లు గుడి ఒక రాజ్యానికి గుండెకాయ. గెలిచినవాడు ముందు ఆ గుండెకాయ మీద చెయ్యివేశాడు. కల్యాణి గుడి అప్పటికే తమ ఏలుబడిలో ఉన్న జనానిది. దీంతో కూల్చినవాడి పాపం తగ్గిపోదు. ఆ పాపం రాజ్యానిదని మాత్రం తెలుస్తుంది.

శాసనాల్లో మమ్మల్ని ఏమన్నారో కూడా చూడండి. ఆ కాలపు శాసనాలు ముస్లిం అనే మాట వాడవు. తురుష్కులు అంటాయి, యవనులు అంటాయి, పారసీకులు అంటాయి. అన్నీ జాతి పేర్లు, దేశం పేర్లు. దేవుడి గురించిన పేరు ఒక్కటీ కాదు. సింథియా టాల్బట్ లాంటివాళ్లు ఆంధ్రదేశపు శాసనాలన్నీ వెతికి ఈ విషయం మీద పనిచేశారు. కొంతకాలం పోయాక తెలుగువాళ్లు గోల్కొండ, బీదరు, ఢిల్లీ పాదుషాలను అశ్వపతులు అన్నారు. ఒరియా రాజు గజపతి, విజయనగర రాజు నరపతి, సుల్తాను అశ్వపతి. శత్రువు సరే, కానీ లెక్కలో ఉన్న రాజు. తురుష్క అనే మాటే నోళ్లలో నలిగి తురక అయింది. మా ఊళ్లో ఉర్దూను ఇప్పటికీ తురకం అనే అంటారు. గుర్రమెక్కి వచ్చినవాడి పేరు దిగి నడిచేవాడికి తగులుకుంది. టర్కీ ఎక్కడుందో మ్యాపులో చూపించలేని మా అబ్బా జీవితమంతా తురకాయన అనే పిలిపించుకున్నాడు.

ఇక అసలు మనుషుల దగ్గరికి వద్దాం. ఈ కోట పడిన రోజున ప్రతాపరుద్రుడితోపాటు పట్టుబడ్డవాళ్లలో ఒక సేనాని ఉన్నాడు. షమ్స్-ఎ-సిరాజ్ అఫీఫ్ తన తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీలో అతని కథ చెప్పాడు. తెలంగాణ హిందువు, రాజు దగ్గర మంచి పలుకుబడి ఉన్నవాడు. రాజు దారిలో పోయాక ఢిల్లీ చేరి సుల్తాను ముందర ఇస్లాం తీసుకున్నాడు. మక్బూల్ అని పేరు పెట్టారు. చదువు రాయడం రాదుగానీ మహా తెలివైనవాడని అఫీఫ్ అంటాడు. పారసీకం రాదని అర్థం చేసుకోవాలి కాబోలు. ఎందుకంటే, మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన నాగయ గన్న సేనాని ఇతడేనని కొందరు చరిత్రకారులు గుర్తించారు. తిక్కన శిష్యుడి పురాణం అంకితం తీసుకున్నవాడికి అక్షరం రాదంటే ఎట్లా నమ్మేది?

ఆ మక్బూల్ తర్వాత ఢిల్లీ అధికారిగా మళ్లీ ఓరుగల్లుకే వచ్చాడు. కాపయ నాయకుడు తిరగబడ్డప్పుడు ఇక్కణ్ణుంచి తప్పించుకుని ఢిల్లీ పోయాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో వజీరయ్యాడు. అసలు రాజు ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్ షా అంటుండేవాడట. చరిత్రలో అతని పేరు చివర తిలంగానీ అని ఉంటుంది. తెలంగాణ అనే మాటను పద్నాలుగో శతాబ్దంలోనే ఢిల్లీ దర్బారులో తన పేరుకు తగిలించుకుని తిరిగిన మనిషి ఒక ముస్లిం! అతని గోరీ నిజాముద్దీన్ బస్తీలో, ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఎనిమిది పలకల కట్టడం. ఢిల్లీలో ఆ తరహా గోరీల్లో మొదటిదంటారు. అతని కొడుకు జునాన్ షా కూడా ఖాన్-ఎ-జహాన్ అయ్యాడు. తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు అతను 1387లో కట్టించిందే. ఢిల్లీలో నమాజు చేసేవాళ్లలో ఎంతమందికి తెలుసో ఏమో, ఆ మసీదు కట్టించినవాడి తండ్రి మాతృభాష తెలుగు.

రెండో మనిషి సీతాపతి. షితాబ్ ఖాన్ అంటేనే జనానికి తెలుసు. ఖుష్‌మహల్‌ను షితాబ్ ఖాన్ మహల్ అనడం కూడా ఉంది. పేరు చూసి తురకోడే అనుకుంటారు. కాదు. బహమనీల కొలువులో ఎదిగి ఖాన్ బిరుదు పొందిన తెలుగు హిందువు. వాళ్ల రాజ్యం సడలినప్పుడు ఓరుగల్లును తన కిందికి తెచ్చుకున్నాడు. కోటలో అతను వేయించిన 1504 నాటి సంస్కృత శాసనం ఉంది. తురుష్కులు తొలగించిన పాంచాలరాయని, అంటే కృష్ణుణ్ణి, తిరిగి నిలిపానని అందులో చెప్పుకున్నాడు. కాకతీయుల దేవిని కూడా మళ్లీ ప్రతిష్ఠించాడు. చివరికి కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ చేతిలో ఓడిపోయాడు. ఖాన్ అనే పేరుతోనే విగ్రహం నిలబెట్టాడు, ఆ పేరును దాచుకోవాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

ఇప్పుడు మళ్లీ కట్టడం దగ్గరికి. ఖుష్‌మహల్ ఎవరు కట్టారు? షితాబ్ ఖాన్ కట్టాడని చాలాకాలంగా వాడుక. గోడల వాలు, కమాన్ల తీరు ఢిల్లీలోని తుగ్లక్ కట్టడాల పద్ధతిలో ఉన్నాయనీ, 1323 తర్వాత సుల్తాన్‌పూర్‌లో కట్టిన దర్బారు హాలు ఇదనీ వాగనర్, ఈటన్‌ల వాదన. నాకు వీళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది. అయితే నాకు కావలసింది ఇందులో ఏది గెలుస్తుందని కాదు. తుగ్లక్ కాలానిదే అయితే, ఈ కమాన్ల కింద దర్బారు చేసినవాళ్లలో ఓరుగల్లు అధికారిగా తిరిగొచ్చిన గన్నయ, మాలిక్ మక్బూల్, ఉండే ఉండాలి. తెలుగువాడు, ముస్లిం. షితాబ్ ఖాన్‌దే అయితే, ముస్లిం పేరున్న తెలుగు హిందువు. ఎట్లా చూసినా ఈ హాలులో కూచున్నవాడిని ‘మనవాడా, పరాయివాడా’ అని అడిగితే జవాబు చిక్కదు. మన మ్యూజియాల్లో రాళ్లకు తగిలించే చీటీలకు మాత్రం రెండే గళ్లు. కాకతీయ, ముస్లిం. మొదటిది వంశం పేరు. రెండోది మతం పేరు. ఒకరికి వంశం, ఇంకొకరికి మతం ఎందుకో? శైవుల కాలం, వైష్ణవుల కాలం అని రాయరు కదా. తుగ్లక్, బహమనీ, కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ అనే నాలుగు వేర్వేరు రాజ్యాలు, వాటి మధ్య జరిగిన యుద్ధాలు, మా పాఠాల్లోకి వచ్చేసరికి ‘ముస్లింల కాలం’ అనే ఒక్క మూటలో పడతాయి. ఆ మూట మోసేది మేము.

మూట గురించి ఎవరైనా మాట్లాడితే నేను గులాం యజ్దానీ పేరు చెబుతాను. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి డైరెక్టరు అయ్యాడు. అజంతా కుడ్యచిత్రాలు రాలిపోతుంటే ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించి నిలబెట్టించింది ఆయన హయాంలోనే. పాలంపేట గుడుల మీద 1922లో ఆయన పుస్తకం వచ్చింది. 2021లో యునెస్కో గుర్తించి మనమంతా పండుగ చేసుకున్న రామప్ప అదే. తెలంగాణ జిల్లాల శాసనాలను సేకరించి శ్రీనివాసాచార్ గారి చేత అచ్చువేయించింది కూడా ఆ శాఖే. నిజాం రాజ్యం గొప్పదని నేననను. వెట్టి, దేశ్‌ముఖుల దౌర్జన్యం, రజాకార్లు, అన్నీ ఆ రాజ్యంలోవే. మా ఇంట్లో కూడా వెట్టి చేసినవాళ్లున్నారు. కానీ విరగ్గొట్టిన లెక్క మా ఖాతాలో రాసేవాళ్లు, విరిగినవాటిని ఏరి, కొలిచి, చదివి, నీడలో పెట్టిన లెక్క కూడా అదే ఖాతాలో రాయాలి. లేదంటే రెండూ తీసేయాలి. నాకైతే రెండూ తీసేయడమే న్యాయంగా తోస్తుంది. గుడి కూల్చిన సుల్తానూ నేను కాదు, గుడి కాపాడిన డైరెక్టరూ నేను కాదు.

మరి నేనెక్కడ? ఖుష్‌మహల్‌లో నా కోసం వెతుక్కుంటాను. దొరకను. రాయి చెక్కించగలిగినవాళ్లే అక్కడ ఉన్నారు. ఓరుగల్లు తివాచీల ముక్క అక్కడ లేదు. మొఘలు సైన్యాల వెంట వచ్చిన నేతగాళ్లు ఆ పనిని ఇక్కడ మొదలుపెట్టారని చెప్తారు. 1851లో లండన్ ప్రదర్శనకు వెళ్లి పేరు తెచ్చుకున్న తివాచీలవి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మగ్గం గుంటల్లో కాళ్లు వాచిపోయినవాళ్లలో సాలెలూ ఉన్నారు, మావాళ్లూ ఉన్నారు. నూలు రాయిలాగా ఏడువందల ఏళ్లు నిలవదు. నిలవనివాటితో బతికినవాళ్లకు మ్యూజియంలో చోటు దొరకదు. ఈ బాధ నా ఒక్కడిది కాదు. ఆ తోరణాలకు రాయి మోసిన ఒడ్డెరోళ్లదీ, చెరువులు తవ్వినవాళ్లదీ, మాదిగవాడదీ ఇదే బాధ. దళితులు తమ చరిత్ర తామే రాసుకోవాలని అన్నప్పుడు మాకు దారి కనిపించింది అందుకే.

ఇక పేర్ల సంగతి. పర్వతగిరి దగ్గర అన్నారం షరీఫులో యాకూబ్ షావలీ దర్గా ఉంది. మొక్కుకున్నవాళ్లు బిడ్డలకు ఆ పేరు పెట్టుకుంటారు. వరంగల్ జిల్లాలో యాకయ్యలు, యాకమ్మలు లేని ఊరుండదు. గొల్ల యాకయ్య, మాదిగ యాకయ్య, గౌండ్ల యాకమ్మ. నల్లగొండ దిక్కు పోతే జాన్‌పహాడ్ సైదులు పేరుతో సైదులు, సైదమ్మలు. షితాబ్ ఖాన్ పేరును చూసి మోసపోయిన చరిత్ర, ఈ పేర్ల ముందు ఏమంటుంది? మతం మారని తెలుగువాడు ముస్లిం వలీ పేరు పెట్టుకుని నాలుగు తరాలుగా బతుకుతున్నాడు. అది ఓరుగల్లు శాసనాలంత గట్టి సాక్ష్యం. కాకపోతే రేషన్ కార్డులో ఉంది, రాతి మీద లేదు.

2014లో రాష్ట్రం వచ్చినప్పుడు అధికార ముద్రలో కాకతీయ తోరణాన్నీ చార్మినార్‌నూ కలిపి పెట్టారు. మంచిదే. ఎవరికీ కోపం రాకుండా అటొకటి ఇటొకటి పంచిపెట్టినట్టు కూడా ఉంది. నాకు మాత్రం హైదరాబాదులో చార్‌కమాన్ మధ్య నిలబడ్డప్పుడల్లా, నాలుగు దిక్కుల్లోని నాలుగు కమాన్లను చూసి ఈ కోటలోని నాలుగు తోరణాలే గుర్తుకొస్తాయి. అవి రెండు వాటాలు కావు.

ఖుష్‌మహల్ వాకిట్లో చిన్న పలక ఒకటి పెట్టే అధికారం నాకిస్తే తెలుగులో, ఉర్దూలో ఇట్లా రాయిస్తాను: ‘ఈ హాలు కమాన్లు ఢిల్లీ తుగ్లక్‌ల పద్ధతిలో కట్టినవి. పక్కనున్న స్వయంభూ ఆలయాన్ని 1323 తర్వాత వాళ్లే కూల్చారు. ఓరుగల్లు సేనాని ఒకరు మక్బూల్ తిలంగానీ అనే పేరుతో ఈ నగరాన్ని ఏలి, ఢిల్లీకి వజీరయ్యాడు. సీతాపతి అనే షితాబ్ ఖాన్ 1504లో ఇక్కడ కృష్ణుణ్ణి తిరిగి నిలిపాడు. లోపల ఉన్న రాళ్లను చెక్కినవాళ్ల పేర్లు, ఈ కమాన్లను కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు.’